పెట్టెలో రెండు రూపాయలు

మనవరాలి ఫీజుకు డబ్బు కావాలి. అత్త పెట్టె తీసింది. అడుగున రెండు పాత రూపాయలున్నాయి.

పాత సామాన్లు కొనేవాడు వీధిలోకి వచ్చాడు. "రెండూ ఒకటేనమ్మా! రెంటికీ కలిపి రెండు వందలిస్తా" అన్నాడు.

కోడలు అంకెలు కూడబలుక్కుని చదివింది. ఒకటి 1919. ఇంకోటి 1944.

రెండూ ఒకే బరువు. ఒక్కోటి 11.66 గ్రాములు. అది పాతకాలపు తులం. కాని వెండి సమానం కాదు. 1919 రూపాయిలో 12 పాళ్ళకు 11 పాళ్ళు వెండి. 1944 దానిలో సగమే వెండి. 1947లో వచ్చిన రూపాయి నికెల్‌ది. అందులో వెండే లేదు. అయస్కాంతానికి అతుక్కుంటుంది.

అత్త చింతపండు తెచ్చింది.

"తోమకు అత్తా! తోమితే ధర పడిపోతుంది" అంది కోడలు.

పాత నాణేలు సరదాకి కొనేవాళ్ళున్నారు. నల్లబడిందని వాళ్ళు వద్దనరు. అరుగుదల చూస్తారు, గీతలు చూస్తారు. ముంబయిలో, బెంగుళూరులో ఈ నాణేలకు వేలం పాటలు జరుగుతాయి. అరుదైన సంవత్సరానిదైతే పోటీపడి పాడతారు. మామూలు దానికి పాట పెద్దగా పెరగదు.

"ఫోనులో ఒకడు లక్షలొస్తాయన్నాడే!" అంది అత్త.

ముందు కమీషన్ కట్టమన్నాడట. రిజర్వు బ్యాంకు పేరు కూడా చెప్పాడట. అలాంటి వ్యవహారాలు తాము చెయ్యమని, కమీషన్ అడగమని 2021లో రిజర్వు బ్యాంకే చెప్పింది.

కోడలు రూపాయలు గుడ్డలో మూటకట్టింది. టౌనులో వెండి ధర కనుక్కోవడానికి బయలుదేరింది.