కరదీపికా రచన : ఫోను సాఫ్ట్‌వేరును క్రొత్తవారికి బోధించు విధానము

ఒక పనిముట్టును ఎట్లు వాడవలెనో తెలుపు చిన్న పుస్తకమునకు మన భాషలో కరదీపిక యని చక్కని పేరున్నది. చేత పట్టుకొని నడచుటకు తగిన దీపమని దాని అర్థము. ఓపెన్ సోర్స్ పద్ధతిలో వెలువడు ఫోను సాఫ్ట్‌వేరునకు, క్రొత్తగా నేర్చువారి కొరకు, అట్టి కరదీపికలు వ్రాయు విధానమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఇది కంప్యూటరు శాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. తెలుగు, ఉర్దూ చదువు విద్యార్థులకే ఇందులో ఎక్కువ పని యున్నదని మా అభిప్రాయము.

ఓపెన్ సోర్స్ అనగా నేమి?

ప్రోగ్రాము వ్రాసినవారు దాని మూలరూపమును దాచక అందరికి అందుబాటులో నుంచి, దానిని చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు అనుమతి నిచ్చు పద్ధతి ఇది. ఆండ్రాయిడ్ ఫోనులను నడుపు మూలభాగము 2008లో ఈ విధముగనే వెలువడినది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, పాటలను చిత్రములను చూపు వీ.ఎల్.సి., సందేశములు పంపు సిగ్నల్ ఈ కోవలోనివే. వీనికి వెల లేదు. వెల లేనందున అంగడిలో నిలబడి చూపించు మనిషియు లేడు. కనుక క్రొత్తవానికి గురువైనను, తోడైనను కరదీపికయే.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమునకు ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్, సాఫ్ట్‌వేరు వలెనే దాని వివరణ పుస్తకము కూడ స్వేచ్ఛగా నుండవలెనని వాదించెను. ఆ ఉద్దేశముతోనే 2000 సంవత్సరమున గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్స్ అను అనుమతి పత్రము ఏర్పడినది. దాని షరతులకు లోబడి ఆ పుస్తకములను ఎవరైనను అనువదింపవచ్చును, సవరింపవచ్చును. మన రెండు భాషలకును ఇది తెరచియుంచిన తలుపు.

కరదీపికలు ఎందుకు విఫలమగుచున్నవి?

కరదీపికను సాధారణముగా ఆ విషయము బాగుగా తెలిసినవాడే వ్రాయును. చిక్కు అక్కడనే యున్నది. తెలిసినవానికి తాను ఒకప్పుడు తెలియనివాడనన్న సంగతి జ్ఞప్తికి రాదు. పది పనులను ఒక్క మాటలో ఇమిడ్చి, ఆ మాట పాఠకునకు అర్థమైనదని తలచును.

ఐ.బి.ఎం. సంస్థ యొక్క వాట్సన్ పరిశోధన కేంద్రమున పనిచేసిన జాన్ కారల్, 1980 దశకమున క్రొత్తగా కంప్యూటరు నేర్చువారిని శ్రద్ధతో పరిశీలించెను. నేర్చువారు పుస్తకమును మొదటి పుట నుండి వరుసగా చదువరనియు, తమ పని వెంటనే కావలెనని పుటలు దాటిపోవుదురనియు, దారి తప్పిన తరువాత మరల దారికి రాలేక ఆగిపోవుదురనియు ఆయన గమనించెను. ఆ పరిశీలన ఫలితముగా వచ్చిన గ్రంథము 1990లో ది నూర్న్‌బర్గ్ ఫన్నెల్ అను పేర వెలువడినది. గరాటు పెట్టి విద్యను తలలో పోయవచ్చునను పాత జర్మను పరిహాసమే ఆ పేరునకు మూలము. విద్య ఆ విధముగా రాదని గ్రంథకర్త సిద్ధాంతము. ఉపోద్ఘాతమును తగ్గించవలెను. మొదటి పుటలోనే పాఠకుని చేత ఒక నిజమైన పని చేయింపవలెను. పొరపాటు ఎక్కడ జరుగునో గుర్తించి, దాని నుండి బయటపడు మార్గమును అక్కడనే చెప్పవలెను. కరదీపికా రచనకు ఈ మూడును పునాదిరాళ్లు.

ఒక ఉదాహరణము

ఎఫ్-డ్రాయిడ్ అనునది 2010లో ప్రారంభమైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు భాండారము. ఆండ్రాయిడ్ ఫోనులకు తగిన ఓపెన్ సోర్స్ యాపులు అందులో లభించును. దానిని ఫోనులో చేర్చు విధానమును తెలిసినవారు తరచుగా ఇట్లు చెప్పుదురు: “ఏపీకే డౌన్‌లోడ్ చేసి, అన్‌నోన్ సోర్సెస్ అనుమతించి, ఇన్‌స్టాల్ చేయండి.”

ఈ వాక్యములో అబద్ధము లేదు. అయినను క్రొత్తవాడు ఇందులో నాలుగు చోట్ల ఆగిపోవును. ఏపీకే అనగా నేమి? డౌన్‌లోడ్ అయిన ఫైలు ఎక్కడికి పోయినది? అనుమతి ఎక్కడ నీయవలెను? ఫోను తెరపై కనబడిన హెచ్చరికకు భయపడవలెనా, వద్దా? పైగా ఈ వాక్యము పాతబడినది. పూర్వపు ఆండ్రాయిడ్‌లో అన్‌నోన్ సోర్సెస్ అను మీట ఒక్కటే యుండెడిది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుండి ఆ అనుమతిని ఒక్కొక్క యాపునకు వేరువేరుగా నీయవలసి యున్నది. పాత వాక్యమును నమ్మినవాడు ఆ మీట కొరకు వెదకి వెదకి విసిగిపోవును.

అదే విషయమును ఈ విధముగా వ్రాయవచ్చును:

“1. ఫోనులో బ్రౌజర్ తెరవండి. ఎఫ్-డ్రాయిడ్ వారి సొంత వెబ్‌సైటుకే వెళ్లండి. ఎవరో పంపిన లింకును నొక్కవద్దు.

2. డౌన్‌లోడ్ బటన్ నొక్కండి. ఒక ఫైలు ఫోనులోకి వస్తుంది. యాపును ఫోనులో పెట్టే ఇలాంటి ఫైలునే ఏపీకే అంటారు. ఇది హాని చేయవచ్చని ఫోను హెచ్చరించవచ్చు. ఏపీకే ఏది వచ్చినా ఫోను అలాగే అడుగుతుంది. మీరు సరైన వెబ్‌సైటులోనే ఉన్నారో లేదో మరొకసారి చూసుకొని ముందుకు వెళ్లండి.

3. ఫైలును తెరవండి. ఈ బ్రౌజరుకు అనుమతి లేదని ఫోను చెబితే, అక్కడే కనబడే సెట్టింగ్స్ నొక్కి అనుమతి ఇవ్వండి. వెనక్కి వచ్చి ఇన్‌స్టాల్ నొక్కండి.

4. పని అయ్యాక మళ్లీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, బ్రౌజరుకు ఇచ్చిన అనుమతిని తీసివేయండి. ఈ మెట్టు వదిలిపెట్టకండి.”

నాలుగవ మెట్టును పెక్కు కరదీపికలు విడిచిపెట్టుచున్నవి. ఇటీవలి సంవత్సరములలో పెండ్లి పిలుపు అనియు, బ్యాంకు యాపు అనియు, వాహన చలానా అనియు పేర్లు పెట్టి ఏపీకే ఫైలులను పంపి, ప్రజల సొమ్ము దోచుకొను మోసములు మన దేశమున విరివిగా జరిగినవి. తలుపు తీయుట నేర్పి, మూయుట నేర్పని పుస్తకము ఆ దొంగలకే తోడ్పడును. తెలిసినవాడు తప్పు సలహాను తిరస్కరింపగలడు. క్రొత్తవాడు చెప్పినది చెప్పినట్లు చేయును. ఈ విధేయతయే రచయితపై పెద్ద బాధ్యతను మోపుచున్నది.

హెచ్చరిక ముందుండవలెను

కొన్ని పనులు ఒకసారి చేసిన పిదప వెనుకకు తీసికొన వీలులేనివి. లినేజ్ ఓఎస్ వంటి వ్యవస్థను ఫోనులో చేర్చుటకు ముందు బూట్‌లోడర్ తాళమును తీయవలెను. అట్లు తీసినంతనే ఫోనులోని ఛాయాచిత్రములు, చిరునామాలు, సమస్తము సాధారణముగా చెరిగిపోవును. కీపాస్ డీఎక్స్ అను యాపులో మన పాస్‌వర్డులన్నిటిని ఒక్కచోట భద్రపరచుకొనవచ్చును. కాని దాని ప్రధాన పాస్‌వర్డును మరచినచో దానిని వ్రాసినవారు కూడ తెరచి యీయలేరు. ఇట్టి సంగతులను మెట్టునకు పైన వ్రాయవలెను గాని క్రింద వ్రాయరాదు. పాఠకుడు ఒక్కొక్క పంక్తి చదివి ఒక్కొక్క పని చేయుచు పోవును. క్రింది పంక్తిలోని హెచ్చరిక అతనికి చేరునప్పటికి నష్టము జరిగియే యుండును.

భాషను గురించి

మేము ఈ వ్యాసమును వ్రాయుచున్న భాష కరదీపికకు తగదు. కరదీపికలో “నొక్కండి”, “చూడండి” అను వాడుక మాటలే యుండవలెను. సెట్టింగ్స్ అని తెరపై నున్నచో సెట్టింగ్స్ అనియే వ్రాయవలెను. దానికి సంస్కృత సమాసమును కల్పించినచో మన పాండిత్యము తెలియును గాని పాఠకునకు ఆ మాట తెరపై కనబడదు. ఫోనును తెలుగులో వాడువారికి తెలుగు తెరపై నున్న మాటను, ఇంగ్లీషులో వాడువారికి ఆ తెరపై నున్న మాటను, రెండింటిని పక్కపక్కన ఈయవలెను.

ఉర్దూ కరదీపికకు మరియొక విశేషమున్నది. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడచు లిపి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుండి, ఫోను భాషను ఉర్దూకు మార్చినప్పుడు తెర యమరికయు అద్దములో చూచినట్లు తిరుగుటకు ఏర్పాటున్నది. తెలుగు తెరపై పై యెడమ మూలనుండు వెనుకకు మరలు బాణము, ఉర్దూ తెరపై కుడి మూలకు పోవును. కనుక తెలుగు కరదీపికలోని “ఎడమ మూలన నొక్కండి” అను వాక్యమును అట్లే అనువదించినచో అది తప్పుదారి యగును. అనువాదకుడు పుస్తకమును గాక, ఫోనును ఎదుట నుంచుకొని అనువదింపవలెను. మన ఉర్దూ చదువరులకు పుస్తకములలో అలవాటైన వ్రాత నస్తాలీఖ్ గనుక, అచ్చువేయునప్పుడు దానినే వాడుట మేలు. రెండు భాషలవారికిని తెర చిత్రములు వేరువేరుగా తీయవలెను. ఆ చిత్రములలో ఎవరి ఫోను నంబరును, పేరును కనబడకుండ చూడవలెను.

పరీక్షించు విధము

కరదీపిక పూర్తియైన పిమ్మట దానిని ఎన్నడును ఆ యాపును చూడని ఒక వ్యక్తికి ఈయవలెను. రచయిత పక్కన కూర్చుండవలెను, కాని నోరు మెదపరాదు. అతని వ్రేలు ఎక్కడ ఆగునో అచ్చట గుర్తు పెట్టుకొనవలెను. వ్రేలు ఆగుట పాఠకుని మందబుద్ధి కాదు, పుస్తకములోని లోపము. ఆ చోటును సవరించి మరియొకరికి ఈయవలెను. పుస్తకము మొదటి పుటలో, ఏ యాపు యొక్క ఎన్నవ రూపమును చూచి, ఏ నెలలో వ్రాసితిమో తప్పక తెలుపవలెను. సాఫ్ట్‌వేరు మారుచుండును. తేదీ లేని కరదీపిక నేటిదో నాటిదో తెలియక పాఠకుడు మోసపోవును.

కళాశాలవారికి విన్నపము

ఈ పనికి విశేష ధనము అక్కరలేదు. ఏటేట ఒక యాపును ఎంచుకొని, ఒక తెలుగు విద్యార్థిని, ఒక ఉర్దూ విద్యార్థిని జతపరచి, ఒక ఫోనును వారి ఎదుట నుంచినచో చాలును. వారి కరదీపికను పరీక్షించుటకు ఇండ్లలో అమ్మలు, అమ్మీలు, తాతయ్యలు, దాదాలు ఉన్నారు. యాపులలోని మాటలనే మన భాషలలోనికి తేదలచినవారికి వెబ్‌లేట్ అను సాధనమున్నది. ఎఫ్-డ్రాయిడ్ అనువాదములు దానిలోనే జరుగుచున్నవి. అందుకు ప్రోగ్రాములు వ్రాయుట తెలియనక్కరలేదు, భాష తెలిసిన చాలును.

ఇంటిలోని పెద్దలు తమ పింఛను సమాచారమునకు, బ్యాంకు సందేశమునకు పిల్లల చేతికి ఫోను నిచ్చి ఎదురుచూచుట మనమందరము ఎరిగినదే. పిల్లలు ఇంట లేనినాడు ఆ ఫోను అపరిచితుల చేతికి పోవుచున్నది. స్వభాషలో, సులభశైలిలో, పరీక్షింపబడిన పది పుటల పుస్తకము ఆ పెద్దల చేత నున్నచో వారి సొమ్మును, మర్యాదను వారే కాపాడుకొనగలరు. కళాశాల సంఘమువారు ఈ విషయమును ఆలోచించి, రాబోవు విద్యా సంవత్సరమునందే మొదటి కరదీపికకు పూనుకొందురుగాక యని కోరుచున్నాము.