శాసనాలను పలికించిన బడిపంతులు

ఒక జాతి చరిత్ర గ్రంథాలలోనే కాక గుడిగోడలపైన, రాగిరేకులపైన, కొండరాళ్లపైన కూడా నిక్షిప్తమై ఉంటుంది. ఆ వ్రాతను చదువగలవారు లేనప్పుడు శాసనం వట్టి రాయిగా మిగులుతుంది. వట్టి రాయిని కాపాడవలెనన్న తలంపు ఎవరికీ కలుగదు. ఉత్తరాంధ్రలో అటువంటి రాళ్లను, ఎవరి ఆదేశమూ లేకుండానే, సొంత పూనికతో చదివి లోకానికి తెలిపిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఆయన సుప్రసిద్ధులు. శాసన పరిశోధకుడుగా ఆయన చేసిన సేవ మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజు రెవిన్యూ ఉద్యోగి. 1875లో ఆయనకు నేటి అనకాపల్లి జిల్లాలోని చోడవరానికి బదిలీ అయింది. ఆ ఏడే విషజ్వరం సోకి అక్కడ మరణించారు. బాల్యంలోనే పితృవియోగం కలిగినా రామమూర్తి చదువు మానలేదు. విజయనగరంలో గురజాడ అప్పారావుకు సహాధ్యాయిగా విద్యనభ్యసించి, 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. 1880లో 30 రూపాయల జీతంపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు.

ఆయన బోధించినది చరిత్ర. అయితే పాఠ్యపుస్తకంలోని చరిత్రతో ఆయన తృప్తి చెందలేదు. వంశధారా తీరాన ముఖలింగంలోని ఆలయాల గోడలనిండా శాసనాలున్నాయి. వాటి లిపి నేటి లిపి వంటిది కాదు. శతాబ్దాలు గడిచేకొద్దీ అక్షరాల రూపురేఖలు మారిపోతాయి. గురువు లేని ఆ విద్యను రామమూర్తి పాఠశాల గ్రంథాలయంలోని పుస్తకాల సాయంతో స్వయంగా సాధించి, ఆ శాసనాలను చదివారు.

ఆ శ్రమ వృథా పోలేదు. తూర్పు గాంగరాజుల రాజధాని కళింగనగరం ఎక్కడ ఉండేదన్న విషయంలో ఆనాడు విద్వాంసులలో చర్చ సాగుతుండేది. శాసన పండితుడు ఫ్లీట్ అది సముద్రతీరంలోని కళింగపట్నమేనని తలచాడు. పేర్లలోని పోలిక ఆ ఊహకు బలమిచ్చింది. రామమూర్తి పేరుతో సరిపెట్టుకోలేదు. శాసనాల సాక్ష్యాన్ని, నేలమీది శిథిలాలను జోడించి, ముఖలింగమూ దాని పొరుగునున్న నగరకటకమూ కలిసిన ప్రదేశమే కళింగనగరమని నిరూపించారు. గాంగరాజు వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని ఆయన పరిష్కరించి 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగవ సంపుటంలో ప్రకటించారు. ఆ శాసనకాలం శకవర్షం 979. జిల్లా కేంద్రం కూడా కాని ఊరిలో పనిచేస్తున్న ఒక బడిపంతులు ప్రసిద్ధ పండితుని అభిప్రాయాన్ని ఆధారాలతో సవరించగలిగాడు. ఇదే శ్రద్ధతో తరువాత ఆయన లిపిలేని సవర భాషను నేర్చి, దానికి వ్యాకరణాన్ని, నిఘంటువును సమకూర్చారు. 1940 జనవరి 22న ఆయన దివంగతులయ్యారు.

అనకాపల్లి ప్రజలకు ఈ జీవితం చెప్పే పాఠం ఒకటుంది. పట్టణానికి చేరువలోని శంకరం వద్ద బొజ్జన్నకొండ, లింగాలకొండలపై రాతిలో తొలిచిన బౌద్ధ స్తూపాలు, గుహలు ఉన్నాయి. సంఘారామమే శంకరమైందని చెబుతారు. 1907-08లో అలెగ్జాండర్ రీ పర్యవేక్షణలో ఇక్కడ త్రవ్వకాలు జరిగాయి. అయినా కొండపై బొజ్జ ఆకారంలో ఉన్న ఒక నిర్మాణాన్ని రాక్షసుని ఉదరంగా భావించి, కనుమనాడు దానిపై రాళ్లు రువ్వే ఆచారం చిరకాలం సాగింది. 2019లో ఇంటాక్ స్వచ్ఛంద కార్యకర్తలు, పురావస్తు శాఖవారు పూనుకొని ఆ రాళ్ల దాడిని నిలిపివేయించారు. రాళ్లు రువ్వినవారు దుర్మార్గులు కారు; ఆ కొండ కథ వారికి ఎవరూ చెప్పలేదు.

కనుక సంరక్షణకు కంచె ఒక్కటే చాలదు. తమ ఊరి రాయిని చదివి, పదిమందికి చదివి వినిపించేవారు కావాలి. రామమూర్తి పంతులు చూపిన మార్గమిదే.

కఠిన పదాలు – అర్థాలు
నిక్షిప్తము : దాచి ఉంచబడినది
తామ్రశాసనము : రాగిరేకుపై చెక్కిన శాసనము
సంఘారామము : బౌద్ధ భిక్షువుల నివాసము

ప్రశ్నలు
1. కళింగనగరం విషయంలో రామమూర్తి ఏ ఆధారాలతో, ఏమి నిరూపించారు?
2. “సంరక్షణకు కంచె ఒక్కటే చాలదు” – బొజ్జన్నకొండ ఉదంతం ఆధారంగా వివరించండి.
3. మీ ఊరిలోని ఒక ప్రాచీన కట్టడాన్ని గురించి పెద్దలనడిగి తెలుసుకొని వ్యాసం వ్రాయండి.