కుక్కలకు వచ్చు డిస్టెంపర్ వ్యాధి

గత వర్షాకాలమున ఏడవ తరగతి బాలురు అట్టపెట్టెలో ఒక కుక్కపిల్లను మా గదికి తెచ్చిరి. దాని కండ్లను పుసి మూసివేసెను, ముక్కు కారుచుండెను. నోట ఏమియు లేకున్నను దవడలు నమలుచున్నట్లు కదలుచు నురుగు వచ్చుచుండెను. కావలివాడు పిచ్చికుక్క యని కఱ్ఱ తీసికొనెను. మాకును అట్లే తోచినదని ఒప్పుకొనుచున్నాము.

బాలురచే సబ్బుతో చాలసేపు చేతులు కడిగించి, కాటుగాని గీరుగాని తగిలినదా యని విచారించితిమి. ఒకని వ్రేలిపై పచ్చిగాయముండెను. దానికి చొంగ తగిలెనేమో యని వానిని వెంటనే వైద్యునియొద్దకు పంపితిమి. నాడే రేబీస్ టీకా మొదలయ్యెను.

పిమ్మట పెట్టెకు మూతవేసి, పీణ్యనుండి హెబ్బాళమునందలి పశువైద్య కళాశాలకు పోయితిమి. అది 1958లో స్థాపితమైనది. ఆ పిల్లకు నిత్యము అన్నము పెట్టుచుండిన బాలుడును మాతో వచ్చెను. మొదట జ్వరము, దగ్గు వచ్చి తగ్గినవనియు, కొన్నాళ్లకు మరల జ్వరము, విరేచనములు, పిదప ఈ వణకు వచ్చినవనియు వాడు కన్నడమున తడబడక చెప్పెను. మన పిల్లలకు కన్నడమెందులకని అడుగు పెద్దలు ఆనాడు అచ్చట ఉండవలసినది! వైద్యుడు దూదిపుల్లతో స్రావము తీసి పరీక్షించి, ఇది డిస్టెంపర్ అనెను.

ఇది సూక్ష్మక్రిమివలన కలుగునని 1905లో ఫ్రెంచి పశువైద్యుడు కారే కనుగొనెను. పిల్లలకు వచ్చు తట్టును, 2011లో ప్రపంచమునుండి నిర్మూలితమైన రిండర్‌పెస్ట్ అను పశువుల మహమ్మారిని కలిగించు క్రిములకు ఇది దాయాది. మనుష్యులకు ఈ జబ్బు రాదు. అడవి జంతువులను మాత్రము విడువదు. 2018లో గిర్ అడవిలో సింహములు దీనివలన మరణించినవి.

క్రిమిని నేరుగా చంపు మందు లేదు. ఒంటిలో నీరు తగ్గకుండ సెలైన్ ఎక్కింతురు. వెంట వచ్చు ఇతర రోగములకు యాంటీబయాటిక్, మూర్ఛకు వేరు మందు ఇత్తురు. ఇంటనున్న జ్వరపు మాత్రలు వేయరాదు. పారాసిటమాల్, ఐబుప్రొఫేన్ కుక్కలకు విషము. రోగపు కుక్క దగ్గు తుంపరలవలన ఇతర కుక్కలకు అంటును గనుక, ఆసుపత్రిలో దానిని వేరుగా నుంచి ముందే సంగతి చెప్పవలెను. నరములకు సోకిన పిమ్మట బ్రతుకుట కష్టము; బ్రతికినను వణకు మిగులవచ్చును.

టీకా యొక్కటే నమ్మకమైన రక్షణ. ఆరు, ఎనిమిది వారముల ప్రాయమున మొదటిది వేయించి, పదునారు వారములు నిండువరకు మూడు నాలుగు వారముల కొకసారి మరల వేయింపవలెను. పిదప ఏడాదికి మరియొకటి. మొదటి సూదితో పని తీరినదనుకొనువారే మనలో ఎక్కువ.

ఆరవనాడు కుక్కపిల్ల చనిపోయెను. మరణానంతర పరీక్షలో రేబీస్ లేదని తేలినది. అయినను చూపుమాత్రమున ఆ రెండింటిని వేరుచేయ మనతరము కాదు గనుక, బాలునికి సూది వేయించుటలో తప్పు జరుగలేదు.

వాడు మరునాడే వచ్చి, అదే వీధిలో మరి మూడు పిల్లలున్నవని చెప్పెను. రెంటికి టీకా వేయించితిమి. మూడవది ఇంతవరకు చేతికి చిక్కలేదు.