గోడలా నిలబడే ఆటగాడు

అమెరికా ఫుట్‌బాల్ మనం ఆడేది కాదు. అందులో బంతిని చేత్తో విసురుతారు. విసిరేవాడిని కాయడానికి ముందర ఐదుగురు గోడలా నిలబడతారు. వీళ్ళు ఎదుటివాళ్ళని నెట్టొచ్చు గానీ, మన కబడ్డీలోలాగా పట్టుకోకూడదు. అదే కష్టం!

జో థామస్ అనే అతను 2007లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో చేరి ఈ పనే చేశాడు. బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందించడాన్ని స్నాప్ అంటారు. వరసగా 10,363 స్నాపులు, ఒక్కటీ మానలేదు. 2017 అక్టోబరులో ఎడమచేతి కండ తెగాకే బయటికొచ్చాడు. అతనున్న 11 సీజన్లలో పదింటిలో జట్టుకి గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. అయినా 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు రాశారు.

బరువు సుమారు 140 కిలోలు. అది తగ్గకుండా ఆకలి లేకపోయినా తినాలి. తినడం కూడా ఉద్యోగమంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. 2018లో ఆట మానాక 20 కిలోలకు పైనే తగ్గాడు.