గ్యాస్ కిట్ బిగించాక కారు ఎందుకు మొరాయిస్తుంది?

పెట్రోలు కారుకు ఎల్పీజీ కిట్ బిగించడం ఒక రోజు పని. పొద్దున బండి ఇస్తే సాయంత్రానికి డ్యాష్‌బోర్డు మీద చిన్న స్విచ్చు, డిక్కీలో ట్యాంకు, బానెట్ కింద కొత్త పైపులతో చేతికొస్తుంది. చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి. వికారాబాద్ దాటి అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు బండి గుంజదు. ధారూరు దగ్గరికి వచ్చేసరికి ఇంజన్ లైటు వెలుగుతుంది. తాండూరు బజారులో క్లచ్ నొక్కగానే ఆగిపోతుంది. యజమాని గ్యాసును తిడతాడు, మెకానిక్ కిట్టును తిడతాడు. నా మట్టుకు, ఇలాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఆ రెండింటిలోనూ ఉండదు. కిట్ పెట్టక ముందే ఇంజన్‌లో దాగి ఉన్న లోపమో, బిగించేటప్పుడు తొందరలో వదిలేసిన పనో అయి ఉంటుంది. అందుకే ఈ పనిని మొదటి నుంచి వరసగా చెప్పుకుందాం.

ముందు లెక్క. లీటరు ఎల్పీజీలో ఉండే శక్తి, లీటరు పెట్రోలులో ఉండేదానిలో దాదాపు నాలుగింట మూడు వంతులే. అంటే పెట్రోలు మీద లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే కారు గ్యాసు మీద 12, 13 ఇస్తుంది. ఇది కిట్టు లోపం కాదు, ఇంధనం స్వభావం. తాండూరులో ఇల్లు, వికారాబాద్‌లో ఉద్యోగం ఉన్నవారు రానూపోనూ రోజుకు సుమారు 80 కిలోమీటర్లు తిరుగుతారు. నెలకు 25 రోజులంటే 2000 కిలోమీటర్లు. దానికి పెట్రోలు 125 లీటర్లు పడితే గ్యాసు 160 లీటర్ల దాకా పడుతుంది. గ్యాసు ధర పెట్రోలు ధరలో నాలుగింట మూడు వంతులకంటే బాగా తక్కువ ఉన్నప్పుడే ఏమైనా మిగులుతుంది. అందులోంచి కిట్టు ఖర్చు తీరాలి. ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఆటో ఎల్పీజీ బంకులు ఆటోలు ఎక్కువున్న హైదరాబాద్ లాంటి నగరాల చుట్టూ పెరిగాయి, పెట్రోలు బంకుల్లా ప్రతి ఊరికీ రాలేదు. మీరు రోజూ వెళ్ళే దారిలో బంకు లేకపోతే కిట్టు మాట మానుకోవడమే మంచిది.

బంకు లేని చోట జనం ఎంచుకునే అడ్డదారి వంటింటి సిలిండరు. ఓమ్ని వ్యాన్ల వెనక సీటు కింద 14.2 కిలోల ఎర్ర సిలిండరు పెట్టుకుని, అందులో పిల్లల్ని బడికి తీసుకెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారంటే గుండె దడదడలాడుతుంది. కారు ట్యాంకు వేరు, వంట సిలిండరు వేరు. కారు ట్యాంకు ఐఎస్ 14899 ప్రమాణం ప్రకారం తయారవుతుంది. దాని మీద ఉండే మల్టీవాల్వు 80 శాతం నిండగానే గ్యాసు లోపలికి పోకుండా ఆపేస్తుంది. పైపు తెగితే ప్రవాహాన్ని అడ్డుకుంటుంది, ఇంజన్ ఆగితే దారి మూసేస్తుంది. మిగిలిన 20 శాతం చోటు ఎండకు ద్రవం ఉబ్బడానికి వదిలిందే. మే నెలలో తాండూరులో 40 డిగ్రీలు దాటే ఎండలో నిలిపిన కారుకు ఆ ఖాళీయే రక్షణ. మోటారు పెట్టి సిలిండరులోంచి సిలిండరులోకి ఎక్కించే చోట ఈ అడ్డేదీ ఉండదు. నిత్యావసర సరుకుల చట్టం, 1955 కింద ఇది కేసు కూడా అవుతుంది. కేసు సంగతి అటుంచండి, ఆ వ్యానులో కూర్చునే పిల్లల్ని తలచుకుని ఆ పని మానేయండి.

కిట్టు కొనే ముందు ఇంజన్‌ను పెట్రోలు మీదే పూర్తిగా బాగు చేయించాలి. గ్యాసు, గాలి కలిసిన మిశ్రమాన్ని అంటించడానికి ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజి కావాలి. పెట్రోలు మీద ఎలాగో నెట్టుకొస్తున్న పాత ప్లగ్గులు, పగిలిన ప్లగ్ వైర్లు, బలహీనమైన కాయిలు గ్యాసు మీద వెంటనే బయటపడతాయి. కొత్త ప్లగ్గులు వేసి, గ్యాపు కొద్దిగా తగ్గించి 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకుంటారు. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలవాలి. ట్యాపెట్ల గ్యాపు చూడాలి. ఎయిర్ ఫిల్టరు మార్చాలి. తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్ల మధ్య, బండల లారీల వెనక తిరిగే కార్లలో ఆ ఫిల్టరు తెల్లటి పొడితో ఎంత త్వరగా పూడిపోతుందో అక్కడివాళ్ళకు తెలుసు. మిక్సర్ రకం కిట్టులో (కిట్ల రకాల సంగతి కింద చెబుతాను) ఫిల్టరు పూడితే గ్యాసు ఎక్కువ లాక్కుంటుంది, మైలేజీ పడిపోతుంది.

ఇక మన దగ్గర చాలా కార్లలో ఉండే పెద్ద లోపం థర్మోస్టాట్ వాల్వు లేకపోవడం. ఎండాకాలం ఇంజన్ వేడెక్కుతోందని ఎప్పుడో ఒక మెకానిక్ దాన్ని పీకేసి ఉంటాడు. పెట్రోలు మీద ఆ లోటు పెద్దగా తెలియదు. గ్యాసుకు మాత్రం వేడి నీళ్ళే ప్రాణం. కారణం చెబుతాను. ట్యాంకులోంచి ద్రవంగా వచ్చే ఎల్పీజీని ఆవిరి చేసేది రెడ్యూసర్. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, కాబట్టి ఇంజన్ కూలెంటును రెడ్యూసర్ గుండా తిప్పి వేడి అందిస్తారు. అందుకే సీక్వెన్షియల్ కిట్టు ఉన్న బండి పెట్రోలు మీదే స్టార్టయి, కూలెంటు 35, 40 డిగ్రీలకు వచ్చాకే గ్యాసుకు మారుతుంది. థర్మోస్టాట్ లేని ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. చలికాలం పొద్దున మారాల్సిన సమయానికి గ్యాసుకు మారదు, మారినా రెడ్యూసర్ చల్లబడి ఘాటు మధ్యలో ఇంజన్ మూలుగుతుంది. కిట్టుకంటే ముందు ఆ వాల్వు వేయించండి.

కిట్లు ముఖ్యంగా రెండు రకాలు. పాతది మిక్సర్ పద్ధతి. కార్బురేటర్ కార్లకు అది చాలు. మల్టీపాయింట్ ఇంజెక్షన్ కార్లకు సీక్వెన్షియల్ పద్ధతి పెట్టించాలి. ఇందులో ప్రతి సిలిండరుకూ ఒక గ్యాస్ ఇంజెక్టరు, మొత్తం కిట్టుకు ఒక సొంత కంప్యూటరు ఉంటాయి. ఇంజెక్షన్ కారుకు తక్కువ ధరకు మిక్సర్ తగిలిస్తే ఇన్‌టేక్ మానిఫోల్డ్ అంతా మండే మిశ్రమంతో నిండి ఉంటుంది. ఒక్క ప్లగ్గు తప్పినా అక్కడే అంటుకుని ఢాం అంటుంది. బ్యాక్‌ఫైర్ అంటే ఇదే. ప్లాస్టిక్ మానిఫోల్డ్, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగిలిపోతాయి. ఆదా చేసిన డబ్బు ఒక్క దెబ్బకు పోతుంది. కాబట్టి ఇంజెక్షన్ కారుకు మిక్సర్ వద్దని గట్టిగా చెబుతున్నాను. ఏ కిట్టయినా మీ కారు మోడల్‌కు పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ ఆమోదం పొందిందో లేదో కాగితం అడిగి చూడండి.

బిగింపులో మొదట ట్యాంకు. స్టెప్నీ గుంతలో పట్టే గుండ్రటి ట్యాంకు అయితే డిక్కీ మిగులుతుంది, కానీ స్టెప్నీకి వేరే చోటు వెతకాలి. ట్యాంకు బోల్టులు రేకును మాత్రమే పట్టుకుంటే చాలదు, కింది వైపు మందపాటి ప్లేటు ఉండాలి. వాల్వు మీద గాలి చొరబడని డబ్బా పెట్టి, దాని పైపును కారు అడుగున బయటికి తీయాలి. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, అడుగునే పేరుకుంటుంది. ఇంజన్ వైపు వెళ్ళే గ్యాసు పైపు సైలెన్సర్‌కు దూరంగా సాగాలి, దారి పొడవునా క్లిప్పులు ఉండాలి.

రెడ్యూసర్‌ను రేడియేటర్ పై మట్టం కంటే కిందనే బిగించాలి. పైన పెడితే అందులో గాలి చిక్కి నీళ్ళు తిరగవు. హోసులు కలిపాక కూలెంటు నింపి, గాలి పూర్తిగా పోయేదాకా ఇంజన్ నడపాలి. రెండు హోసులూ చేతికి వేడిగా తగలాలి. సీక్వెన్షియల్ కిట్టుకు మానిఫోల్డ్‌లో రంధ్రాలు వేయాలి కదా, దాన్ని ఇంజన్ నుంచి విప్పి బయట పెట్టి వేయాలి. విప్పకుండా బండి మీదే డ్రిల్ చేస్తే లోహపు పొడి సిలిండర్లోకి పోతుంది. నాజిళ్ళు పెట్రోలు ఇంజెక్టర్లకు దగ్గరగా, నాలుగు గొట్టాలూ ఒకే పొడవుతో ఉండాలి. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టడం కాకుండా సోల్డర్ చేయాలి. ఆరు నెలల తర్వాత వచ్చే అంతుచిక్కని మిస్‌ఫైర్లు ఎక్కువగా ఆ టేపు కిందే దొరుకుతాయి. చివరగా ప్రతి జాయింటుకూ సబ్బు నీళ్ళు పూసి లీకు చూడాలి.

ట్యూనింగ్ దగ్గరే చాలామంది చేతులెత్తేస్తారు. ల్యాప్‌టాప్ తగిలించి, బండి నిలబడి ఉండగా ఆటో కాలిబ్రేషన్ నొక్కి, అయిపోయిందంటారు. అది సగం పనే. మిగతా సగం రోడ్డు మీద జరగాలి. ఒకసారి పెట్రోలు మీద, ఒకసారి గ్యాసు మీద, అదే గేరులో, అదే లోడుతో నడిపి రెండింటి ఇంజెక్షన్ సమయాలు కలిసేదాకా కిట్టు కంప్యూటరులోని గ్యాసు మ్యాపును సరిచేయాలి. ఈ ప్రాంతంలో అందుకు అనంతగిరి ఎక్కుడుకన్నా మంచి చోటు లేదు. నలుగురిని ఎక్కించుకుని మూడో గేరులో ఎక్కించి చూడాలి.

ఇంత చేసినా తర్వాత ఎప్పుడో తేడా రావచ్చు. "అన్నా, గ్యాసు మీద బండి గుంజుతలేదు" అని ఎవరైనా వస్తే మంచి మెకానిక్ ముందు కిట్టును ముట్టుకోడు. "పెట్రోలు మీద పెట్టి అదే కొండ ఎక్కించి చూడు" అంటాడు. పెట్రోలు మీదా గుంజకపోతే లోపం ఇంజన్‌ది. గ్యాసు మీదే అయితే మొదట ఫిల్టర్లు, తర్వాత రెడ్యూసర్ చూడాలి. రెడ్యూసర్ మీద మంచు పట్టిందంటే వేడి నీళ్ళు అందడం లేదు. కూలెంటు తగ్గిందో, గాలి చిక్కిందో వెతకాలి. యాక్సిలరేటర్ నొక్కగానే కుదుపు వస్తే ప్లగ్గులు. ఆగేచోట ఇంజన్ చచ్చిపోతుంటే ఐడిల్ సెట్టింగో, జిడ్డు పట్టిన ఇంజెక్టర్లో కారణం. రెడ్యూసర్ అడుగున చేరే నూనె లాంటి మడ్డిని అప్పుడప్పుడు వదిలించకపోతే ఈ జిడ్డు వస్తుంది.

అందరినీ తికమక పెట్టేది ఇంకొకటుంది. కిట్ పెట్టిన కొన్నాళ్ళకు పెట్రోలు మీద కూడా బండి చెడుతుంది. కారు అసలు కంప్యూటరు ఆక్సిజన్ సెన్సర్‌ను చూసి ఇంధనాన్ని దిద్దుకుంటూ ఉంటుంది. గ్యాసు మ్యాపు తప్పయితే అది ఆ తప్పుకు తగ్గట్టు దిద్దుకుని, అదే దిద్దుబాటును పెట్రోలుకూ వాడుతుంది. అప్పుడు ఇంజన్ లైటును చెరిపేయడం వైద్యం కాదు, గ్యాసు మ్యాపును మళ్ళీ సరిచేయాలి.

ట్యాపెట్ల చప్పుడు తగ్గిందని సంతోషించకండి. గ్యాసు పొడిగా మండుతుంది, కొన్ని ఇంజన్లలో వాల్వు సీట్లు అరిగి గ్యాపు మూసుకుపోతుంది. అప్పుడు శబ్దం తగ్గుతుంది, వాల్వు కాలుతుంది. ఇరవై వేల కిలోమీటర్లకోసారైనా గ్యాపు కొలిపించండి. పెట్రోలు ట్యాంకును ఎప్పుడూ పావు వంతుకు తగ్గనివ్వొద్దు. లోపలి పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే. వారానికి కొంత దూరం పెట్రోలు మీద నడపండి. గ్యాసు వాసన వస్తే బండి పక్కకు ఆపి, తలుపులు తెరిచి, ట్యాంకు మీది చేతి వాల్వు మూసేయండి. గుంత ర్యాంపు మీదికి మాత్రం ఎక్కించొద్దు.

కాగితాల సంగతి చివరికి చెబుతున్నా అది చిన్నదేం కాదు. బీఎస్-6 పెట్రోలు కార్లకు కూడా కిట్ బిగించుకోవడానికి కేంద్రం 2022 ఆగస్టులో వీలు కల్పించింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి, మార్పు చేశాక 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి ఆర్సీలో ఇంధనం మార్పించుకోవాలి. నంబరు పాత రంగారెడ్డి జిల్లా ఏపీ 28 అయినా, వికారాబాద్ జిల్లా 34 అయినా నియమం ఒకటే. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు గానీ, 5000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బీమా కంపెనీకీ రాసివ్వాలి. చెప్పకపోతే క్లెయిము దగ్గర చిక్కు తప్పదు. ట్యాంకుకు ఐదేళ్ళకోసారి పీడన పరీక్ష చేయించాలి. పాత గ్యాసు కారు కొనేవాళ్ళు రంగు, టైర్లు చూసే ముందు ట్యాంకు మీద కొట్టిన తేదీని, ఆర్సీలో రాసిన ఇంధనాన్ని చూడండి. ఆ రెండూ సరిగా లేకపోతే బయానా ఇవ్వకండి.