మూత్రపిండ వ్యాధి - ఘ్రాణశక్తి

పంచేంద్రియములలో కంటికి, చెవికి మనమిచ్చు గౌరవమును ముక్కుకు ఇయ్యము. అయినను అన్నపు రుచిలో అధికభాగము ముక్కుదే. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొన్నింటిని మాత్రమే గుర్తించును. గోంగూర కమ్మదనము, పులావులోని ఏలకుల సువాసన నమలునపుడు గొంతు వెనుకగా ముక్కును చేరుట వలననే మనకు తెలియుచున్నవి.

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఈ శక్తిని మెల్లగా హరించును. మూత్రపిండములు రక్తమును వడగట్టలేనపుడు వ్యర్థపదార్థములు శరీరమున నిలిచిపోవును. ముక్కు పైభాగమునందలి ఘ్రాణకణములు నశించుచు, క్రొత్తవి పుట్టుచుండును. వ్యర్థముల వలన ఈ పునరుత్పత్తి కుంటుపడుననియు, నరములు బలహీనపడుననియు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. 2017లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, తుదిదశకు చేరని రోగులలో సుమారు 70 శాతము మందికి, తుదిదశ రోగులలో సుమారు 90 శాతము మందికి వాసనలను గుర్తించుటలో లోపము కనబడినది. విశేషమేమనగా, ఆ లోపమును రోగులు తమంత తాము గ్రహింపలేకపోయిరి.

మిరప పండించు మన తుళ్లూరు ప్రాంతమున ఇట్లు భ్రమపడుట మరింత సులభము. మిరప ఘాటు నిజమునకు వాసన కాదు, మంట. దానిని మెదడునకు చేర్చునది ఘ్రాణనాడి గాక, ముఖమునకు చెందిన త్రిధారనాడి. కావున తాలింపు ఘాటుకు తుమ్మినంత మాత్రమున ముక్కు చక్కగా పనిచేయుచున్నదని తలపరాదు.

రుచి తగ్గిన ఆకలి తగ్గును, దేహము క్షీణించును. చప్పగా నున్నదని ఉప్పు, ఊరగాయ ఎక్కువగా వేసికొన్నచో రక్తపోటు పెరిగి మూత్రపిండములు మరింత చెడును. పాచిన కూరను, వంటగ్యాసు లీకును పసిగట్టలేకపోవుట మరొక ప్రమాదము.

ఈ వ్యాధి మన రాష్ట్రమునకు క్రొత్తది కాదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము పల్లెలలో మధుమేహము లేని శ్రామికులను సైతము ఇది దశాబ్దములుగా పీడించుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. ఇట్టి ప్రాంతములలో రక్తపరీక్షతోపాటు వాసన పరీక్షయు జరుపుట ఉచితమని మా అభిప్రాయము.

విద్యార్థి మిత్రులారా! మధుమేహము, రక్తపోటు గల పెద్దలు కూర రుచిగా లేదని తరచు అన్నచో, వండిన తల్లిని తప్పుపట్టకుడు. పెద్దల కన్నులు మూయించి జీలకర్ర, కాఫీపొడి, కరివేపాకు వాసన చూపుడు. గుర్తింపలేనిచో జలుబు, వయసు కూడ కారణములు కావచ్చును. అయినను రక్త, మూత్ర పరీక్షలు చేయించుట మంచిది. మూత్రపిండ మార్పిడి పొందినవారిలో ఘ్రాణశక్తి మెరుగుగా నున్నట్లు పరిశోధనలు తెలుపుచున్నవి. పోయినదని గుర్తించినపుడే గదా, తిరిగి పొందు యత్నము ఆరంభమగుట!