దేవుని నెఱుగుట యననేమి?

న్యాయస్థానమునందు సాక్షి నడుగవలసిన మొదటి ప్రశ్న “ఈ సంగతి నీ వెట్లెఱుగుదువు?” అనునది. కన్నులార చూచితిననియో, చెవులార వింటిననియో యతడు చెప్పవలెను. పరులు చెప్పుకొనగా వింటినన్న మాట సాధారణముగా నిలువదు. ఇరువది యేండ్లుగా నీ ప్రశ్న నడుగుచు వచ్చిన నేను, క్రైస్తవ గ్రంథములో దేవుని నెఱుగుట యను మాట తటస్థించినప్పుడెల్ల దానికిని ఈ కొలతనే పట్టుచుంటిని. ఆ గ్రంథము వేఱొక త్రోవను సమాధానము చెప్పుచున్నదని చాల కాలమునకు గాని నాకు బోధపడలేదు.

హెబ్రీ భాషలో ఎఱుగుటకు వాడు మాట ‘యాదా’ యనునది. ఆదికాండము నాలుగవ అధ్యాయమున ఆదాము హవ్వల దాంపత్యమును జెప్పుటకును ఈ మాటయే వచ్చినది. ఇంగ్లీషు భాషాంతరమున నది ‘ఎఱిగెను’ అని యట్లే నిలిచినది. మన తెలుగు బైబిలు సభ్యత కొఱకు గాబోలు ‘కూడుట’ యని మార్చుటచే ఆ సంబంధము మనకు గనబడకున్నది. ప్రవక్తలు దేవుని విషయమున ఈ మాటను వాడునప్పుడు, దూరమున నిలిచి పరీక్షించుటవలన గలుగు తెలివిని గాక, కలిసి బ్రదుకుటవలనను, ఇచ్చిన మాట నిలుపుకొనుటవలనను గలుగు నెఱుకను ఉద్దేశించిరి.

దీనికి యిర్మీయా గ్రంథములోని 22వ అధ్యాయముకంటె స్పష్టమైన యుదాహరణము లేదు. క్రీస్తునకు పూర్వము 609వ సంవత్సరమున యూదా రాజగు యోషీయా మెగిద్దోయొద్ద ఐగుప్తురాజగు నెకోచేత హతుడయ్యెను. కొలది నెలలకే నెకో యాతని కుమారుడైన యెహోయాకీమును సింహాసనమున నిలిపి, దేశముపై 100 తలాంతుల వెండిని, ఒక తలాంతు బంగారమును కప్పముగా విధించెను. క్రొత్త రాజు ఆ సొమ్మును ప్రజలవద్ద పన్నుగా రాబట్టెను. అట్టి రాజే తనకొఱకు విశాలమైన నగరును గట్టించెను: పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఇంగిలీకపు రంగు. పనివారికి కూలి మాత్ర మీయలేదు. ప్రవక్త యాతని నిలదీసి, తండ్రిని జ్ఞాపకము చేసెను. ఆ తండ్రియు సుఖముగా దిని త్రాగినవాడే. అయినను దీనుల వ్యాజ్యెములను న్యాయముగా దీర్చెననియు, దేవుని నెఱుగుట యనగా నదియే యనియు యిర్మీయా తాత్పర్యము.

యోషీయా చేసిన కార్యములు తక్కువవి కావు. ఆయన 31 సంవత్సరము లేలెను. దేవాలయమును బాగుచేయించెను. పదునెనిమిదవ యేట అచట ధర్మశాస్త్రగ్రంథము దొరకగా, దానిని విని బట్టలు చించుకొనెను. దేశమందలి విగ్రహములను బడగొట్టించెను. విగ్రహారాధనమును వర్జించితిమని సంతసించు మనవంటివారి కాయన ఆదర్శపురుషుడు గదా! కాని దేవుని నెఱిగినవాడనుటకు నిదర్శనముగా యిర్మీయా వీనిలో నొక్కదానినైన నెత్తుకొనలేదు. బీదవాని వ్యాజ్యెమునే చూపెను. నేనీ యధ్యాయమును పలుమాఱు చదివియు దీనిని గుర్తింపనైతిని. గుర్తించిననాటికి మా యింటి ప్రహరీ గట్టిన తాపీపనివాని కూలి మూడు నెలలనుండి నాయొద్ద నిలిచియుండెను. గోడ బీటవాఱినదని నా వాదము. పునాది లోతు తగ్గింపుమని నేనే చెప్పితినని యతని వాదము. అతడు చెప్పినదే నిజము. ఆ మూడు నెలలలో నేను దైవజ్ఞానమునుగూర్చి సభలలో రెండుమాఱు లుపన్యసించియుంటిని. ఆ సాయంకాలమే బాకీ చెల్లించితిని. అతడు రూపాయలు లెక్కచూచుకొని మాఱుమాట లేక వెడలిపోయెను.

క్రొత్త నిబంధనలో యోహాను మొదటి పత్రికయు నిట్లే తీర్పు చెప్పుచున్నది: ప్రేమింపనివానికి దేవుని యెఱుక లేదు, కలిమి యుండియు సోదరుని లేమిని చూచి మనస్సు మూసికొనువానియందు దేవుని ప్రేమ యుండుట యెట్లు? అట్లయిన కూలి సరిగా నిచ్చు నాస్తికుడును దేవుని నెఱిగినవాడేనా యని యొకరు న న్నడిగిరి. ఆ పత్రికయే యేసు నొప్పుకొనుటను ప్రేమనుండి విడదీయదు. క్రైస్తవులు రెంటిని కలిపి చదువుట గ్రంథమునకు న్యాయమైన యర్థమే. 1820లో రామమోహనరాయలు యేసు నీతిబోధలను సువార్తలనుండి యేర్చి కలకత్తాలో ప్రకటించినప్పుడు, శ్రీరాంపురపు మిషనరీ మార్ష్మన్ గారు లేవదీసిన యాక్షేపణయు నిట్టిదే: సిద్ధాంతమును విడిచిన బోధ చాలదని. రాయలు ప్రత్యుత్తరముగా మూడు విన్నపములు వ్రాసెను. ఆ వాదము చదువదగినది. అయినను ఇరుపక్షములలో నెవ్వరును యెహోయాకీము కూలివాండ్రను సాక్షులుగా బిలిచినట్లు నాకు జ్ఞాపకము లేదు.

పౌలు గలతీయులకు వ్రాయుచు, మీరు దేవుని నెఱిగితిరని మొదలిడి, వెంటనే తన మాటను దానే సవరించుకొని, దేవుడే మిమ్ము నెఱిగెననెను. సాక్షి మాట నడుమ సవరించుకొన్నచో మేము వకీళ్లము దానినే పట్టుకొందుము. కొరింథులోని సంఘమునకు క్రీ.శ. 55 ప్రాంతమున వ్రాసిన పత్రికలోను ఆయన యీ మాటకే వచ్చెను. అచటి తగవు విగ్రహముల కర్పించిన యాహారమును గూర్చినది. విగ్రహము వట్టిదని తెలిసిన చదువరులు నిస్సంకోచముగా దానిని భుజించుచుండిరి. తెలియని బలహీనులు వారిని జూచి చెడుచుండిరి. విగ్రహము వట్టిదే యని పౌలు చదువరులతో నేకీభవించెను. అయినను వారింకను తెలిసికొనవలసిన రీతిని తెలిసికొనలేదని వ్రాసెను.